క్లాసిక్ 350కి హైవే పెగ్గులు: ఏవి కొనాలి, ఎక్కడ బిగించాలి, కాళ్లు ఎప్పుడు చాపాలి

శ్రీకాకుళం నుంచి భువనేశ్వర్‌కు రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 మీద తరచూ వెళ్తుంటానని, పలాస దాటేసరికి మోకాళ్లు పట్టేస్తున్నాయని, ఇంజిను ముందుండే క్రాష్ గార్డుకు హైవే పెగ్గులు, అంటే కాళ్లు ముందుకు చాపి ఆనించుకునే అదనపు ఫుట్‌రెస్టులు, బిగించుకుంటే ఆ బాధ తప్పుతుందా అని అడిగారు. ఎలాంటివి కొనాలి, ఊళ్లో వెల్డింగు షాపులో చేయించుకుంటే సరిపోతుందా, వెనక భార్య కూర్చున్నప్పుడు ఇబ్బంది ఉంటుందా అన్నవి మీ మిగతా ప్రశ్నలు.

బిగించుకోవచ్చు. మోకాళ్లకు ఉపశమనం నిజంగానే దొరుకుతుంది. నేను విజయనగరంలో బళ్లకు గార్డులు, క్యారియర్లు, పెగ్గులు బిగించే పనిలో చాలా ఏళ్లుగా ఉన్నాను. నా సొంత బండికీ అవి ఉన్నాయి. అయితే వీటికోసం వచ్చేవాళ్లలో చాలామంది ఇచ్ఛాపురం దాకా కాళ్లు చాపుకునే వెళ్లిపోవచ్చన్న ఊహతో వస్తారు. అది కుదరదు, కుదిరినా ఒంటికి మంచిది కాదు. పెగ్గు మీద కాలు ఐదు నిమిషాలో పది నిమిషాలో ఉండాలి, మళ్లీ మామూలు ఫుట్‌రెస్టు మీదకు వచ్చేయాలి. భంగిమ మార్చుకోవడానికే పెగ్గు. ఈ సంగతి ముందే ఒప్పుకుంటే ఏది కొనాలి, ఎక్కడ బిగించాలి అన్న వాటికి జవాబులు తేలికవుతాయి.

మోకాలు ఎందుకు పట్టేస్తుందో కాస్త చూద్దాం. బండి మీద మోకాలు గంటల తరబడి ఒకే కోణంలో మడిచి ఉంటుంది. మడిచి ఉన్నంతసేపూ మోకాలిచిప్ప వెనకనున్న తొడ ఎముకకు ఒత్తుకునే ఉంటుంది. కాసేపైతే ఏమీ అనిపించదు. గంటన్నర కదలకుండా ఉంచితే చిప్ప చుట్టూ సలుపు మొదలవుతుంది. సినిమా హాల్లో ఇరుకు వరుసలో కూర్చుని విశ్రాంతి సమయంలో లేచినప్పుడు మోకాళ్లు పట్టేసే తీరు ఇదే. కాలు ముందుకు చాపితే ఆ ఒత్తిడి తగ్గుతుంది. దానికి తోడు చీలమండ కదులుతుంది, పిక్క కండరం పనిచేస్తుంది, కాళ్లలో నిలిచిపోయిన రక్తం పైకి వెళ్తుంది. పెగ్గు చేసే మేలంతా ఈ మార్పులోనే ఉంది. కాలు చాపి మళ్లీ గంటసేపు కదపకుండా ఉంచితే ఆ మేలు పోతుంది.

పైగా దీనికి ఒక ధర చెల్లించాలి. మామూలు ఫుట్‌రెస్టు మీద పాదాలున్నప్పుడు ఒంటి బరువులో కొంత పాదాలు మోస్తాయి. గతుకు కనబడగానే కాళ్ల మీద బలం వేసి సీటు మీంచి కొద్దిగా లేస్తాం, ఆ దెబ్బ మోకాళ్లు, తొడలు తీసుకుంటాయి. కాళ్లు ముందుకు పోయాక లేవడానికి వీలుండదు. బరువంతా పిరుదుల మీద, వెన్ను చివర మీద పడుతుంది, నడుము వెనక్కి గుండ్రంగా వంగిపోతుంది. నాగావళి, వంశధార వంతెనల మీద జాయింట్లు దాటేటప్పుడు కాళ్లు పెగ్గుల మీద ఉంటే ఆ తేడా వెన్నెముకకు వెంటనే తెలుస్తుంది. మోకాలి నొప్పి పోయింది గానీ నడుము నొప్పి పట్టుకుందని వచ్చేవాళ్లను నేను తరచూ చూస్తుంటాను. వాళ్లందరి అలవాటూ ఒకటే, ఎక్కిన దగ్గర నుంచి దిగే దాకా కాళ్లు ముందుకే ఉంచడం.

అందుకే పెగ్గులు కొనకముందు డబ్బు ఖర్చు లేని పనులు కొన్ని చేసి చూడమంటాను. గేరు లివరు, బ్రేకు పెడలు మీ పాదానికి తగ్గ ఎత్తులో ఉన్నాయా? మీరు రోజూ వేసుకునే బూట్లతోనే కూర్చుని చూడండి. బ్రేకు పెడలు మరీ ఎత్తులో ఉంటే దాన్ని తాకకుండా ఉండేందుకు కుడి పాదాన్ని ప్రయాణమంతా పైకి ఎత్తి పట్టుకుంటారు, మీకు తెలియకుండానే. ఆ బిగువు మోకాలి దాకా పాకుతుంది. కుడి మోకాలు మాత్రమే ఎక్కువ నొప్పి పెడుతోందంటే ముందు అనుమానించాల్సింది పెడలునే. దాన్ని సరిచేయడం పావుగంట పని.

తరువాత వెనక షాకబ్జార్బర్లు. 2021 సెప్టెంబరులో వచ్చిన కొత్త తరం క్లాసిక్‌కు వెనక స్ప్రింగు బిగువును ఆరు మెట్లలో మార్చుకోవచ్చు. ఒంటరిగా వెళ్లేటప్పుడు ఒక మెట్టు, ఇద్దరూ సామానుతో వెళ్లేటప్పుడు వేరే మెట్టు ఉండాలి. చాలామంది షోరూములో ఇచ్చిన మెట్టు మీదే ఏళ్ల తరబడి నడుపుతారు. సీటు ఫోము కూర్చుండిపోయిందేమో కూడా నొక్కి చూడండి. ఫోము కుంగితే సీటు ఎత్తు తగ్గుతుంది, ఎత్తు తగ్గితే మోకాలు ఇంకా ఎక్కువ మడుస్తారు. అలాంటప్పుడు సీటు మీద పెట్టిన ఖర్చు పెగ్గుల కంటే ఎక్కువ ఫలితం ఇస్తుంది. సీటు పని తెలిసినవాళ్లు మన రెండు జిల్లాల్లోనూ ఉన్నారు. కాస్త గట్టి ఫోము వేసి, ఎత్తు ఒక అర అంగుళం పెంచమనండి. మెత్తగా ఉంటే హాయిగా ఉంటుందని దూది దిండులా చేయించుకోవద్దు, గంటలో అది అడుగంటిపోతుంది.

ఇవన్నీ చేశాక కూడా కాళ్లు చాపుకోవాలనే అనిపిస్తే పెగ్గులకు రండి.

మొదట మీ క్రాష్ గార్డు పైపు వ్యాసం తెలియాలి. పెగ్గు ఎంత మంచిదైనా దాన్ని పట్టి ఉంచే క్లాంపు పైపుకు సరిపోకపోతే దండగ. ఒక అంగుళం పైపుకు, అంగుళంపావు పైపుకు చేసిన క్లాంపులు మార్కెట్లో ఎక్కువగా దొరుకుతాయి. 22 మిల్లీమీటర్ల పైపులతో వచ్చే గార్డులూ ఉన్నాయి. వెర్నియర్ కాలిపర్ లేదని బాధపడనక్కర్లేదు. ఒక కాగితం పట్టీని పైపు చుట్టూ బిగుతుగా చుట్టి, రెండు కొసలూ కలిసిన చోట పెన్సిలుతో గీత పెట్టి, విప్పి స్కేలుతో కొలవండి. దాన్ని 3.14తో భాగిస్తే పైపు వ్యాసం వస్తుంది. చుట్టుకొలత 80 మిల్లీమీటర్లు ఉంటే అది అంగుళం పైపు. 90 ఉంటే సుమారు 28.6 మిల్లీమీటర్లు, అంటే అంగుళం మీద ఎనిమిదో వంతు. 100 ఉంటే అంగుళంపావు. 70 ఉంటే 22 మిల్లీమీటర్ల పైపు. కొలిచేటప్పుడు వంపు దగ్గర కొలవకండి, వంచిన చోట పైపు కొద్దిగా చదునవుతుంది. పెగ్గు కూర్చోబోయే తిన్నని చోటనే కొలవాలి.

అంగుళంపావు క్లాంపు కొని, లోపల ట్యూబు ముక్కలు నాలుగైదు మడతలు పెట్టి అంగుళం పైపుకు బిగించడం చాలాచోట్ల చూస్తాను. దయచేసి ఆ పని చేయకండి. రబ్బరు మందంగా ఉంటే బోల్టు ఎంత బిగించినా క్లాంపు నెమ్మదిగా తిరిగిపోతుంది. పైపు మీది క్రోము గీసుకుపోకుండా సైకిలు ట్యూబు ముక్క ఒక్క పొర వేస్తే చాలు. కొలత తేడా ఎక్కువగా ఉంటే లేతు మిషను ఉన్నవాళ్ల దగ్గర పైపుకూ క్లాంపుకూ మధ్య సందు పూడ్చే అల్యూమినియం బుష్షు రెండు ముక్కలుగా చేయించి వేసుకోండి.

క్లాంపు రెండు విడి అరలుగా ఉండి, రెండు వైపులా బోల్టులతో కలిసేది మంచిది. ఒకవైపు మాత్రమే బోల్టు ఉండే పల్చని రేకు క్లాంపుల మీద పాదం బరువు ఆనితే కొన్నాళ్లకే వదులవుతాయి. ఇక పెగ్గు తప్పనిసరిగా మడత పడేదై ఉండాలి, అదీ పైకి, వెనక్కి మడవాలి. దీని మీద రాజీ పడొద్దు. బండి పక్కకు పడినప్పుడు మడవని పెగ్గు నేలకు పొడుచుకుంటుంది. ఆ పొడుపుకు గార్డు పైపు మెలిపడుతుంది, గార్డును ఫ్రేముకు పట్టి ఉంచే బోల్టుల దాకా ఆ బలం చేరుతుంది. మిమ్మల్ని కాపాడాల్సిన గార్డే ఫ్రేమును వంచే మీటగా మారుతుంది. మడిచేటప్పుడు పెగ్గు గట్టిగా, ఏ కోణంలో వదిలితే అక్కడ నిలిచేలా ఉండాలి. వదులుగా ఊగితే బండి అదురుకు అదే కిందకు వాలిపోతుంది.

పెగ్గు పైభాగంలో రబ్బరు గాడులు లోతుగా ఉన్నాయా, బయటి కొస కొంచెం పైకి లేచి ఉందా చూడండి. నున్నటి క్రోము పెగ్గులు ఫొటోలో అందంగా ఉంటాయి. ఆషాఢంలో తడిసిన బూటు వాటి మీద నిలవదు. పాదం బయటకు జారిందంటే 80 కిలోమీటర్ల వేగంలో నేలకు తగిలి, మామూలు ఫుట్‌రెస్టు కిందకు లాక్కుపోతుంది. చీలమండ విరగడానికి అంతకంటే ఏమీ అక్కర్లేదు. బయటి కొసన లేచిన ఆ చిన్న అంచు దీన్ని ఆపడానికే.

ఇప్పుడు బిగించే చోటు. ఇందులోనే అసలు పనితనం ఉంది, కాబట్టి తొందరపడకండి. బండిని మెయిన్ స్టాండు మీద నిలబెట్టండి. ఒకరు వెనక నుంచి పట్టుకోవాలి. మీరు సీటు మీద రోజూ ఎలా కూర్చుంటారో అలాగే కూర్చుని, చేతులు హ్యాండిలు మీద పెట్టి, కాళ్లు ముందుకు చాపండి. గార్డు వైపు చూడకండి. మడమలు సహజంగా ఎక్కడ ఆగుతాయో అక్కడ సాయం ఉన్న మనిషిని సుద్దముక్కతో గుర్తు పెట్టమనండి. రెండు మూడుసార్లు ఇలాగే చేస్తే గుర్తులన్నీ దగ్గర దగ్గరగా పడతాయి. మీ కాలు కోరుకునే చోటు అది. చాలామంది దుకాణంలో గార్డు పై మూలన చూడముచ్చటగా ఉందని అక్కడ బిగించేయమంటారు.

గుర్తు పెట్టిన చోట పెగ్గును చేత్తో బిగించినంత మటుకే బిగించి, పాదం పెట్టి మూడు సంగతులు చూడండి. తొడ సీటు మీంచి పైకి లేస్తోందా? లేస్తే పెగ్గు మరీ ఎత్తులో ఉన్నట్టు, బరువంతా వెన్ను చివరకు చేరుతుంది. మోకాలు పూర్తిగా తిన్నగా బిగుసుకుపోతోందా? అయితే మరీ దూరం, గతుకు దెబ్బ నేరుగా తుంటికి కొడుతుంది. మోకాలికి కొంత మడత మిగిలి ఉండాలి, పాదం మోకాలి కంటే కిందనే ఉండాలి. ఇక పాదం మధ్య వంపు పెగ్గు మీద ఆనాలి. వేళ్లతో పట్టుకుని ఉండాల్సి వస్తే ఆ చోటు పనికిరాదు. పొట్టిగా ఉన్నవాళ్లకు క్లాసిక్ గార్డు మీద ఈ మూడూ కుదిరే చోటు ఒక్కోసారి దొరకదు. అలాంటప్పుడు పెగ్గు మానేసి సీటు పని చేయించుకోమనే చెబుతాను.

తరువాత హ్యాండిలును రెండు వైపులా చివరిదాకా తిప్పండి. ముందు ఫోర్కును రెండుసార్లు గట్టిగా కిందకు నొక్కండి. చక్రం గానీ మడ్‌గార్డు గానీ పెగ్గుకు, మీ బూటుకు దగ్గరగా కూడా రాకూడదు. కుడివైపు సైలెన్సరు బెండు పైపు మీద కన్నేయండి. మడమ దానికి ఆనితే బూటు అడుగు కరుగుతుంది, ప్యాంటు అంచు కాలుతుంది. అవసరమైతే కుడి పెగ్గును ఎడమదాని కంటే ఒక అంగుళం బయటకు జరపండి. రెండూ అద్దం పట్టినట్టు ఒకేలా ఉండాలన్న నియమం ఏమీ లేదు.

ఎస్.కోట మీదుగా అనంతగిరి ఘాటు ఎక్కి అరకు వెళ్లే అలవాటు గానీ, సాలూరు దాటి కోరాపుట్ వైపు వెళ్లే పని గానీ ఉంటే ఇంకొక కొలత తప్పదు. మలుపులో బండి వాలినప్పుడు అన్నిటికంటే ముందు నేలను తాకాల్సింది మామూలు ఫుట్‌రెస్టు. తాకగానే అది పైకి మడుస్తుంది, చప్పుడు చేసి హెచ్చరిస్తుంది. దానికంటే ముందు హైవే పెగ్గు తాకితే, మడవగలిగినంత మడిచి, ఆ తరువాత బలమంతా గట్టిగా ఉన్న గార్డు మీద పడుతుంది. ముందు చక్రం నేల మీద పట్టు కోల్పోతుంది. మలుపు మధ్యలో అలా జరిగితే సరిదిద్దుకునే సమయం ఉండదు.

కొలిచే పద్ధతి సులువే. మీరు బండి మీద కూర్చుని నిటారుగా పట్టుకుంటే, ఇంకొకరు టేపుతో కొలవాలి. మామూలు ఫుట్‌రెస్టు బయటి కొస నేల నుంచి ఎంత ఎత్తులో ఉంది, బండి నడిమధ్య గీత నుంచి పక్కకు ఎంత దూరంలో ఉంది అన్న రెండు కొలతలు తీసుకోండి. ఎత్తును దూరంతో భాగించండి. హైవే పెగ్గు తెరిచి పెట్టి దాని బయటి కొసకూ ఇదే లెక్క చేయండి. ఉదాహరణకు ఫుట్‌రెస్టు 30 సెంటీమీటర్ల ఎత్తులో, 38 సెంటీమీటర్ల దూరంలో ఉంటే 0.79 వస్తుంది. పెగ్గు 36 ఎత్తులో, 42 దూరంలో ఉంటే 0.86. పెగ్గు అంకె పెద్దది కాబట్టి ఫుట్‌రెస్టే ముందు తాకుతుంది, భయం లేదు. అంకె చిన్నదైతే పెగ్గును పైకి గానీ లోపలికి గానీ జరపాలి. లెక్క ఎలా వచ్చినా ఘాటు మొదలయ్యే ముందు ఆగి రెండు పెగ్గులూ పైకి మడిచేయండి. అక్కడ వాటితో పని లేదు.

బోల్టుల విషయం త్వరగా చెప్పేస్తాను. దారాలకు బోల్టు వదులు కాకుండా పట్టే నీలి రంగు థ్రెడ్ లాకరు జిగురు ఒక చుక్క వేయండి, లేదా లోపల నైలాన్ రింగు ఉండే నైలాక్ నట్లు వాడండి. ఎం8 (8 మిల్లీమీటర్ల) బోల్టుకు 20 నుంచి 25 న్యూటన్ మీటర్ల బిగువు సాధారణంగా సరిపోతుంది, క్లాంపుతో వచ్చిన కాగితంలో వేరే అంకె ఉంటే అదే పాటించండి. అల్యూమినియం క్లాంపును బలం ఉంది కదా అని పొడవాటి పానాతో తిప్పితే దారాలు ఊడిపోతాయి. బిగించాక బోల్టు తల మీంచి క్లాంపు మీదకు గోళ్ల రంగుతో ఒక సన్నని గీత గీయండి. ఆ గీత రెండు ముక్కలుగా కనబడితే బోల్టు తిరిగిందని అర్థం. టీ తాగడానికి ఆగినప్పుడు ఒక చూపుతో తెలిసిపోతుంది. మొదటి వంద కిలోమీటర్ల తరువాత ఒకసారి తప్పక మళ్లీ బిగించండి, రబ్బరు పొర నలిగి కూర్చుని వదులు వస్తుంది. మన తీరపు ఉప్పుగాలికి మామూలు ఇనుప బోల్టులు ఒక్క వానాకాలానికే తుప్పు పడతాయి, కాబట్టి స్టెయిన్‌లెస్ స్టీలువి అడిగి తీసుకోండి.

వెల్డింగు గురించి అడిగారు. సాలూరులో లారీ బాడీలు కట్టేవాళ్ల చేతి పనితనం నాకు బాగా తెలుసు, మన ప్రాంతంలో ఇనుముతో వాళ్లు చేయలేనిది తక్కువ. అయినా క్రాష్ గార్డుకు పెగ్గు వెల్డు చేయించవద్దనే అంటాను. అందులో వెల్డరు లోపం ఏమీ లేదు. గార్డు పల్చని గొట్టం. వెల్డు వేడికి క్రోము కాలిపోతుంది, అతుకు పక్కన ఇనుము గుణం మారుతుంది, లోపలి వైపు నుంచి తుప్పు మొదలవుతుంది. సింగిల్ సిలిండరు ఇంజిను అదురు రోజూ ఆ అతుకు మీదే పనిచేస్తుంది. పగులు బయటకు కనబడేసరికి ఆలస్యమవుతుంది. పైగా అలా చేసిన పెగ్గు మడవదు, చోటు మార్చుకోవడానికీ ఉండదు. బండి ఫ్రేముకు వెల్డు చేయడం గురించైతే ఆలోచన కూడా పెట్టుకోకండి. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షను కంపెనీ ఇచ్చిన నిర్మాణాన్ని మార్చడాన్ని నిషేధిస్తుంది. ఫ్రేమును కోసి అతికించిన బండికి ప్రమాదం జరిగితే బీమా దగ్గర కూడా ఇబ్బంది వస్తుంది. బోల్టులు విప్పితే బండి మళ్లీ యథాస్థితికి వచ్చేలా ఉండే సామానునే ఎంచుకోండి, గార్డు కూడా బండి కంపెనీ ఆమోదించిన రకమైతే ఇంకా మంచిది.

ఇక వాడకం. దీని గురించి నాకు గట్టి అభిప్రాయాలున్నాయి, చెప్పకుండా వదలలేను.

కాళ్లు రెండూ పెగ్గుల మీద ఉన్నాయంటే వెనక బ్రేకు, గేరు రెండూ మీకు అందుబాటులో లేవు. పాదం వెనక్కి తెచ్చి పెడలు మీద పెట్టడానికి ఒక్క సెకను పట్టిందనుకుందాం. 80 కిలోమీటర్ల వేగంలో ఆ సెకనులో బండి 22 మీటర్లు ముందుకు పోతుంది. చేతిలో ముందు బ్రేకు ఉంటుంది, ఆగే బలంలో ఎక్కువ భాగం దానిదే, నిజమే. కానీ గేదె అడ్డం వచ్చినప్పుడు కావాల్సింది రెండు బ్రేకులూ, తొడలతో ట్యాంకును పట్టుకున్న శరీరం. కాళ్లు చాపి ఉన్నప్పుడు గట్టిగా ముందు బ్రేకు నొక్కితే ఒళ్లు ముందుకు జారుతుంది, బరువంతా మణికట్ల మీద పడుతుంది, హ్యాండిలు కుదురుగా ఉండదు.

అందుకని నేను చెప్పే అలవాటు ఇది. ఒకసారికి ఒక్క కాలే చాపండి. ఎడమ కాలు పెగ్గు మీద ఉన్నప్పుడు కుడి పాదం బ్రేకు దగ్గరే ఉంటుంది. కొన్ని నిమిషాల తరువాత ఎడమ కాలు వెనక్కి తెచ్చి, రోడ్డు పూర్తిగా ఖాళీగా ఉందనిపిస్తేనే కుడి కాలు చాపండి, అదీ తక్కువసేపు. రెండు కాళ్లూ ఒకేసారి చాపాల్సిన అవసరం మోకాళ్లకు లేదు. బయలుదేరే ముందు ఇంటి దగ్గర స్టాండు మీదే పాదాన్ని పెగ్గు నుంచి పెడలుకు, పెడలు నుంచి పెగ్గుకు చూడకుండా మార్చడం అలవాటు చేసుకోండి. కిందకు చూడాల్సి వచ్చినంత కాలం రోడ్డు మీద దాన్ని వాడకండి.

ఎక్కడ చాపాలి? మన 16వ నంబరు జాతీయ రహదారి మీకు నా కంటే బాగా తెలిసి ఉండవచ్చు. నరసన్నపేట నుంచి విశాఖ వైపు ఆరు వరుసలు, ఇచ్ఛాపురం వైపు నాలుగు వరుసలు. రోడ్డు వెడల్పుగా ఉందని నమ్మకండి, ఊరు ఎంత దగ్గరలో ఉందన్నదే చూడాలి. డివైడరు తెరిచిన ప్రతిచోటా ట్రాక్టరు గానీ ఆటో గానీ తిరుగుతుంది. ఎదురుదారిన వచ్చే బళ్లు అంచునే వస్తాయి, మీరు కాళ్లు చాపుకుని నింపాదిగా వెళ్లేదీ ఆ అంచునే. ఆగి ఉన్న లారీల వెనక నుంచి మనుషులు అడుగు పెడతారు. సంక్రాంతి ముందు కోతల కాలంలో రోడ్డు అంచున ధాన్యం ఆరబోస్తారు, గడ్డి పరుచుకుని ఉంటుంది. సాయంత్రం పశువులు ఇళ్లకు మళ్లే వేళ, చీకటి పడ్డాక, వానలో కాళ్లు మామూలు చోటనే ఉంచండి. మందస దగ్గర్లో మహేంద్రగిరి వైపు కొండలు కనబడుతూ రోడ్డు తిన్నగా సాగే చోట్లు, ఒడిశాలో చిలికా పక్కన సాగే ఖాళీ ముక్కలు, అదీ ఉదయం పూట అయితే, అక్కడ చాపుకోండి. ముందు మూడు వందల మీటర్ల దాకా డివైడరు సందు గానీ, ఊరి బోర్డు గానీ, మనిషి గానీ కనబడకూడదు. కనబడగానే పాదం వెనక్కి రావాలి.

వేగం సంగతి కూడా ఉంది. 80 దాటాక గాలి మోకాళ్లను పక్కలకు తోస్తుంది, వాటిని దగ్గరకు పట్టి ఉంచడానికి తొడ లోపలి కండరాలు బిగుస్తాయి. అప్పుడు పెగ్గు హాయినివ్వడం మాని కొత్త అలసట తెస్తుంది. 60, 70 మధ్య నడిపేవాళ్లకే దీని ఉపయోగం ఎక్కువ, క్లాసిక్ కూడా ఆ వేగంలోనే హాయిగా నడుస్తుంది. చెప్పులతో మాత్రం ఎప్పుడూ కాలు చాపకండి. ముందు లారీ చక్రం ఎగరేసిన రాయి ముందుగా తగిలేది ఆ పాదానికే.

మీ భార్య వెనక కూర్చున్నప్పుడు పెగ్గులు మడిచే ఉంచమంటాను. బ్రేకు వేసినప్పుడు వెనక మనిషి బరువు మీ వీపు మీద పడుతుంది, దాన్ని ఆపేది ఫుట్‌రెస్టు మీద ఆనిన మీ కాళ్లే. చీర కట్టుకుని ఒకవైపుకు కూర్చుంటే బండి తూకం ఇప్పటికే ఒక పక్కకు ఉంటుంది, దానికి తోడు మీరు కాలు చాపితే సరిదిద్దుకోవడం ఇంకా కష్టం. ఇద్దరూ వెళ్లేటప్పుడు గంటకోసారి ఆగండి. శ్రీకాకుళంలో బయలుదేరితే టెక్కలిలో ఒకసారి, పలాసలో ఒకసారి, ఇచ్ఛాపురం దాటాక మరోసారి. బండి దిగి నాలుగడుగులు వేసి, రెండుసార్లు గొంతుక్కూర్చుని లేస్తే మోకాళ్లకు దొరికే ఆరాం ఏ పెగ్గూ ఇవ్వలేదు. సుమారు 330 కిలోమీటర్ల దారి అది, అరగంట ఆలస్యమైనా భువనేశ్వర్ ఎక్కడికీ పోదు. ఒంటరిగా వెళ్లేటప్పుడు కూడా ఈ ఆగడం మానకండి.

ఒక్క జాగ్రత్త. నొప్పి మోకాలిలో కాకుండా నడుము నుంచి తొడ వెనకగా పాదం దాకా జారుతున్నా, వేళ్లకు తిమ్మిరి పట్టి దిగాక కూడా పోకపోయినా, ఎముకల వైద్యుడికి చూపించండి. పెగ్గుతో పోయే బాధ కాదది, కాళ్లు ముందుకు చాపితే ఎక్కువ కూడా కావచ్చు. ఒక్క పిక్క మాత్రమే వాచి, నొప్పిగా, వేడిగా ఉంటే అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.

బిగించుకున్నాక మొదటి ప్రయాణం భువనేశ్వర్‌కు పెట్టుకోకండి. ఒక ఆదివారం పొద్దున్నే రణస్థలం దాకా వెళ్లి రండి. తిరిగి వచ్చాక బోల్టుల మీది గీత చూసుకుని, పెగ్గు చోటు అర అంగుళం అటో ఇటో జరపాలనిపిస్తే జరుపుకోండి, దాదాపు అందరికీ అలా జరపాల్సే వస్తుంది. ఈలోగా గార్డు పైపు చుట్టుకొలత, మీ ఎత్తు, బండి ఏ సంవత్సరానిదో రాసి, గార్డును ముందు నుంచీ పక్క నుంచీ తీసిన ఫొటోలు పెట్టండి. ఏ కొలత క్లాంపు తీసుకోవాలో, ఏ మూల నుంచి మొదలుపెట్టాలో చూసి చెబుతాను.